కోటీశ్వరుల విహార నౌకలు రెండో ప్రపంచ యుద్ధంలో గస్తీకి నిజంగా పనికొచ్చాయా?

పనికొచ్చాయి, కానీ గత్యంతరం లేక వాడినవే. 1942 మొదట్లో జర్మన్ జలాంతర్గాములు అమెరికా తూర్పు తీరంలో సరుకు ఓడలను వరసగా ముంచేస్తుంటే, వాటికి కాపలా వెళ్లే ఓడలు నౌకాదళం దగ్గర చాలినన్ని లేవు. అందుకే ధనికుల యాట్‌లను, అంటే విహార నౌకలను, కాపలాకు దింపారు.

అమెరికా కోటీశ్వరుడు విలియం కె. వాండర్‌బిల్ట్ వారి 'ఆల్వా' సంగతి చూడండి. 264 అడుగుల డీజిల్ యాట్. ఆయన అందులో ప్రపంచమంతా తిరిగి తన మ్యూజియం కోసం సముద్రజీవులను సేకరించాడు. 1941 నవంబరులో దాన్ని నౌకాదళానికి ఇచ్చేశాడు. ఫిరంగులు, డెప్త్ చార్జీలు (నీటి లోతున పేలి జలాంతర్గాములను దెబ్బతీసే బాంబులు) బిగించి 'యూఎస్ఎస్ ప్లిమత్' అని పేరు మార్చారు. న్యూయార్క్, ఫ్లోరిడాలోని కీ వెస్ట్, క్యూబాలోని గ్వాంటనామోల మధ్య సరుకు ఓడలకు కాపలాగా తిప్పారు.

ఇలాంటి నౌకలు దూరప్రయాణాలకు భేషుగ్గా సరిపోతాయి. టార్పెడో దెబ్బను తట్టుకోవడం మాత్రం వేరే సంగతి. 1943 ఆగస్టు 5న నార్త్ కరోలినా తీరానికి దూరంగా యూ-566 అనే జర్మన్ జలాంతర్గామి వేసిన టార్పెడో తగిలి, ప్లిమత్ రెండు నిమిషాల్లో మునిగిపోయింది. సిబ్బందిలో సగం మంది దాకా చనిపోయారు. విచిత్రమేమిటంటే, జర్మన్ జలాంతర్గామికి బలైన ఈ నౌకను కట్టింది కూడా జర్మనీలోనే, కీల్ నగరంలోని క్రుప్ కంపెనీ ఓడల యార్డులో. ఆ యార్డు జలాంతర్గాములూ కట్టేది.