ఇంటర్‌లో మాత్రికలు బాగా వచ్చినవాడికి బీటెక్‌లో లీనియర్ ఆల్జీబ్రా ఎందుకు ఎక్కదు?

ఇంటర్ మ్యాథ్స్ 1ఏలో 75కి 72 వచ్చాయి, ఇప్పుడు బీటెక్ మొదటి సెమిస్టర్‌లో ర్యాంక్, కన్సిస్టెన్సీ (సమీకరణాలకు జవాబు ఉందా లేదా) అంటే బుర్ర తిరుగుతోంది, ఎలా చదవాలి అని అడిగావు తమ్ముడూ. ఆ 72 నీకు మాత్రికలు, అంటే అంకెల్ని వరసలుగా పేర్చిన పట్టికలు, తెలిసినందుకు రాలేదు. నాకూ దాదాపు అన్నే వచ్చాయి కాబట్టి ధైర్యంగా చెబుతున్నా. మనకు అక్కడ నేర్పింది ఆప్షన్లు కొట్టేయడం. రెండేళ్లు తెల్లారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టారు గానీ, మూడు తలాలు ఎలా కలుస్తాయో మూడు అట్టముక్కలు పట్టుకుని చూపించినవాళ్లు లేరు.

పైగా నాది తెలుగు మీడియం. 'కోటి' (మాత్రికలో మిగతావాటి నుంచి రాబట్టలేని వరసలు ఎన్నో చెప్పే అంకె) అని చదువుకున్నది విశాఖ వచ్చాక 'ర్యాంక్' అయింది. మొదటి వారం సార్ ఒకణ్ని లేపి ర్యాంక్ ఎంత అంటే వాడు ఎంసెట్ ర్యాంకు చెప్పాడు. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు, నన్ను లేపినా అదే చెప్పేవాణ్ని.

నాకు అర్థమైంది క్లాసులో కాదు, మద్దిలపాలెంలో మా రూమ్ దగ్గరి టిఫిన్ పాకలో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది కదా, ఆ గాలికి పాక రేకులు ఎగిరిపోయాయి. పాక నడిపే పిన్ని రెండు గుంజలు పాతి, అడ్డంగా వెదురు కట్టి, దాని మీంచి టార్పాలిన్‌ని రెండు పక్కలా నేలదాకా వాలుగా దించింది. మా ముగ్గురికీ అక్కడ ఖాతా. ఆవిడ ఏం తిన్నామో, మొత్తం ఎంతో రాసేది, విడి రేట్లు రాసేది కాదు. పూరీ రేటు పెంచిందని మా రూమ్మేట్ అనుమానం. అడుగుదామంటే రెండు నెలల బాకీ, ఏ మొహం పెట్టుకుని అడుగుతాం? పాత రేట్లు గుర్తున్నాయా అంటే, మేం చేతిలో డబ్బు పెట్టి తిన్నదెప్పుడు!

మూడు రోజుల ఖాతా, మూడు తెలియని రేట్లు. లెక్క కట్టేద్దాం అనుకున్నాం. సోమవారం 2 ప్లేట్ల ఇడ్లీ, 1 పూరీ, 3 టీ, మొత్తం 65. మంగళవారం 1 ఇడ్లీ, 2 పూరీ, 1 టీ, 60. బుధవారం 3 ఇడ్లీ, 3 పూరీ, 4 టీ, 129. నోట్‌బుక్ వెనక పేజీలో మూడో వరసలోంచి మొదటి రెండూ తీసేస్తే ఎడమవైపు అన్నీ సున్నాలు, కుడివైపు 4. సున్నా సమానం నాలుగు! మూడుసార్లు చేశాం, అంతే.

అప్పుడు తల ఎత్తి చూశాను. టార్పాలిన్ వాలు ఒక తలం, రెండో వాలు ఇంకో తలం, నేల మూడోది. ఏ రెండు తీసుకున్నా ఒక గీత మీద కలుస్తున్నాయి, మూడూ కలిసే చోటు మాత్రం లేదు. ఒక్కో రోజు ఖాతా ఒక్కో సమీకరణం, బొమ్మగా గీస్తే ఒక్కో తలం, కాబట్టి మా లెక్క అచ్చం అదే. ఎడమవైపు అంకెల మాత్రిక కోటి 2, కుడివైపు అంకెలు చేరిస్తే 3, జవాబు లేదు. అదే బుధవారం 125 అయ్యుంటే? నేలని పైకి లేపి వెదురుకి ఆనించినట్టు. మూడు తలాలూ ఆ వెదురు గీత మీదే కలుస్తాయి, జవాబులు లెక్కలేనన్ని. అంటే అప్పుడూ పూరీ రేటు తేలదు. నిర్ధారకం (డిటర్మినెంట్, మాత్రిక నుంచి లెక్కగట్టే ఒక అంకె) సున్నా అయితే ఈ రెండిట్లో ఏదో ఒకటి అవుతుందని ఇంటర్‌లో వందసార్లు రాశాను, ఒక్కసారీ చూడలేదు.

ఈ వరసల పద్ధతికి జర్మన్ గణితవేత్త గాస్ పేరు పెట్టారు గానీ, చైనావాళ్లు సుమారు రెండు వేల ఏళ్ల కిందటే మూడు రకాల ధాన్యం మోపుల మీద ఇలాగే లెక్క కట్టారు. 'మేట్రిక్స్' (మాత్రిక) అన్న మాట ఇంగ్లీషు గణితవేత్త సిల్వెస్టర్ 1850లో పెట్టాడు. మన సిలబస్‌లో మాత్రం మొదటి రోజే నిర్వచనం, పదో రోజు లెక్క, బొమ్మ ఎప్పటికీ లేదు.

కాబట్టి నువ్వు చేయాల్సింది, ఏ మూడు సమీకరణాలు ఇచ్చినా పెన్ను పెట్టేముందు తలాలు గీసుకో. గీయడం రాకపోతే మూడు పుస్తకాలు నిలబెట్టు. పరీక్షలో ఆ బొమ్మకి మార్కులు వేయరు, నేను టార్పాలిన్ గీసి చూశాను.

చివరికి పిన్నినే అడిగాం. "ఏటి బాబూ, తుఫానుకి పాలు దొరకట్లేదు కదా, బుధవారం నుంచి టీ ఆరు చేసేశాను" అంది. నాలుగు టీలు, నాలుగు రూపాయలు. పూరీ 20కే ఉంది, ఇడ్లీ 15. బాకీ డిసెంబరులో తీర్చాం. టీ మాత్రం మళ్లీ ఐదుకి దిగలేదు.