రూట్ కెనాల్ నొప్పికి స్టెరాయిడ్ మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు, షుగర్ ఉంది. కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ చేయించాక ఆ రాత్రంతా నొప్పితో నిద్రపోలేదు. పక్కింటి అత్తయ్య తన దగ్గర మిగిలిన డెక్సామెథసోన్ మాత్రలు ఇచ్చారు. స్టెరాయిడ్ అని భయపడి వేయలేదు. వచ్చే నెల ఇంకో పన్నుకు చేయాలట. ఈసారి ఆ మాత్ర రాయమని డాక్టర్‌ని అడగమంటారా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: వేయకపోవడమే మంచిదైందమ్మా. అలాగని మీ అత్తయ్యగారు చెప్పింది తప్పని కాదు. పంటిలోని నరం తీసేశాక ఇంకా నొప్పేమిటని నన్ను చాలామంది అడుగుతారు. పన్ను వేరు కొసకు అవతల, ఎముకలో ఉండే కణజాలం మా సూదులకూ మందులకూ రేగి వాస్తుంది. ఆ నొప్పి మొదటి ఒకటి రెండు రోజులే ఎక్కువ. వారంలో చాలావరకు పోతుంది. ఆ వాపు పుట్టించే రసాయనాలు తయారవకుండా స్టెరాయిడ్ మొదట్లోనే అడ్డుకుంటుంది. అందుకే కొందరికి మేం డెక్సామెథసోన్ 4 మిల్లీగ్రాములు ఒక్క డోసు ఇస్తాం, మొదటి రోజు బాగా ఊరటనిస్తుంది. ముఖం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం నెలల తరబడి వాడేవాళ్లకు వచ్చేవి, ఒక్క డోసుకు రావు.

అయితే షుగర్ మాత్రం ఒక్క డోసుకే పెరగొచ్చు, ఆ ప్రభావం ఒక రోజు దాటీ ఉంటుంది. కాబట్టి మీ అమ్మగారికి నేనైతే దీనితో మొదలుపెట్టను. పారాసెటమాల్, దానికి తోడు ఐబుప్రొఫెన్ చాలామందికి సరిపోతాయి. కిడ్నీ, గుండె జబ్బు, అల్సర్, ఆస్తమా ఉంటే మాత్రం ఐబుప్రొఫెన్ వద్దు. మొదటి మాత్ర మత్తు దిగకముందే పడాలి, నొప్పి ముదిరాక వేస్తే ఆలస్యంగా పనిచేస్తుంది. నోరు మూస్తే ఆ పన్నే ముందు తగులుతున్నా నొప్పి తగ్గదు, డాక్టర్ కాస్త అరగదీస్తే చాలు.

నాకు బాధ కలిగించేది ఇంకొకటుంది. 'పంటి నొప్పికి' అని మెడికల్ షాపులో అడిగితే కవర్లో వేసిచ్చే విడి మాత్రల్లో స్టెరాయిడ్ ఉండటం చాలాసార్లు చూశాను. లోపల చీము పడుతున్నా నొప్పి తెలియదు, షుగర్ ఉన్నవాళ్లకు ఇన్‌ఫెక్షన్ ముదిరిపోతుంది. దయచేసి అలా కొనకండి. చెంప వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా ఏ మాత్రా వేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఈసారి వెళ్లేటప్పుడు మూడు నెలల షుగర్ రిపోర్టు, అమ్మగారు వాడే మాత్రల చీటీ పట్టుకెళ్లండి. ఆ రాత్రి పడ్డ బాధ కూడా డాక్టర్‌కు చెప్పండి. స్టెరాయిడ్ ఇవ్వాలా వద్దా అన్నది అవన్నీ చూసి ఆయన నిర్ణయిస్తారు.