మట్టి గోడా, రాతి గోడా?

తమ్ముడికి,

నీ రచన చదివి, కొన్నాళ్ళు పక్కన పెట్టి, మళ్ళీ చదివాను. దసరా సెలవులకు ఇళ్ళకు చేరిన అయిదుగురు స్నేహితులు పొద్దున వేయిస్తంభాల గుడి దగ్గర కలుసుకుంటారు. మధ్యాహ్నం వరంగల్ కోటకు వెళ్తారు, సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద కూర్చుంటారు. రాత్రి నక్కలగుట్టలో మేడ మీది గదిలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆడతారు. ఒకరు ‘డంజన్ మాస్టర్’గా కథ నడిపితే, మిగతావాళ్ళు ఒక్కొక్కరూ ఒక పాత్రై, పాచికలు వేస్తూ ఆడే ఆట అది. ‘మొహమాటం లేకుండా చెప్పండన్నా’ అని రాశావు కాబట్టి చెబుతున్నాను. పన్నెండు పేజీల్లో నన్ను పట్టుకున్న వాక్యం ఒకటే, అది తొమ్మిదో పేజీలో ఉంది. ఈ ఉత్తరం దాదాపుగా ఆ వాక్యం గురించే.

మీ డంజన్ మాస్టర్ మంచుకొండల మధ్య పాడుబడ్డ కోటను వర్ణిస్తాడు. తలుపు లోపలి నుంచి బిగించి ఉంది. ఒకడు గొడ్డలి తీస్తాడు, ఇంకొకడు మంత్రం చదవడానికి సిద్ధమవుతాడు. అప్పుడు కాజీపేట నుంచి వచ్చిన అమ్మాయి, అప్పటిదాకా పెద్దగా మాట్లాడని అమ్మాయి, ‘గోడ మట్టిదా, రాతిదా?’ అని అడుగుతుంది. నువ్వు ‘ఆ ప్రశ్నకు అందరూ నవ్వారు’ అని రాసి, తలుపు బద్దలుకొట్టే ఘట్టంలోకి పరుగెత్తావు. ఆ తరువాత రెండున్నర పేజీలు యుద్ధం. ఆ యుద్ధంలో ఎవరు ఎవరిని కొట్టారో నాకిప్పుడు గుర్తు లేదు. ఆ ప్రశ్న మాత్రం గుర్తుంది.

ఎందుకంటే నాలుగో పేజీలో, కోట దగ్గర, ‘మేమంతా తోరణాల వైపు నడిచాం, ఆమె మట్టికట్ట దగ్గర వెనకబడింది’ అని నువ్వే రాశావు. రాసి మరచిపోయావు. ఆ వెంటనే గణపతిదేవుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు, 1323లో ఉలుగ్ ఖాన్ దండయాత్ర, నాలుగు కీర్తితోరణాలు, ఖుష్ మహల్, అన్నీ వరసగా వచ్చి పడ్డాయి. ఒక్కటీ తప్పు కాదు. కానీ ఆ పేరాలో నీ స్నేహితుల్లో ఒక్కరూ లేరు. టూరిజం వాళ్ళ బోర్డు మీద ఉండే సంగతులను నీ పేజీలోకి ఎక్కించాలంటే ఎవరో ఒకరి కన్ను వాటి మీద పడాలి. ఆ అమ్మాయి కన్ను మట్టికట్ట మీద పడింది. నువ్వు రాయవలసిన చరిత్ర అంతవరకే.

ఆ చరిత్ర కూడా తక్కువదేమీ కాదు. ఓరుగల్లులో రాతికోటకు బయట మట్టికోట ఉంది. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ సైన్యం దాన్ని ముట్టడించినప్పుడు, యంత్రాలతో విసిరిన రాళ్ళు ఆ మట్టి గోడకు తగిలి వెనక్కి ఎగిరిపడేవని ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో వర్ణించాడు. కవి మాట కాబట్టి కొంత తగ్గించుకుని వినాలి, సరే. అయినా గట్టిగా కొట్టిన మట్టి దెబ్బను మింగుతుంది, రాయి పగులుతుంది. మట్టి గోడైతే తవ్వే దారి వెతకాలి. రాతి గోడైతే అతుకులు చూడాలి, ఎక్కడానికి పట్టు దొరుకుతుందేమో చూడాలి. అంటే ఆ ప్రశ్న వేసే సమయానికి ఆమె మనసులో తలుపు లేదు, గోడ ఉంది. మిగిలినవాళ్ళు మాస్టర్ చూపించిన తలుపునే చూస్తున్నారు. ఆమె మధ్యాహ్నం తన కళ్ళతో చూసిన కట్టను వెంట తెచ్చుకుంది. పగటికీ రాత్రికీ మధ్య నువ్వు ‘అలా తిరిగి తిరిగి చివరకు ఆటకు కూర్చున్నాం’ అని ఒక వంతెన కట్టావు. నిజమైన వంతెన ఈ ప్రశ్న. దాన్ని నవ్వుతో దాటేశావు.

పైగా, మాస్టర్ ఏం జవాబిచ్చాడో రాయలేదు! ముందే అనుకుని ఉన్నాడా, అప్పటికప్పుడు కల్పించాడా? ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ముందే అనుకుని ఉంటే ఆమె అతని రహస్యాన్ని పట్టుకున్నట్టు. అప్పటికప్పుడు ‘మట్టిదే’ అన్నాడంటే, ఆ కోటలో ఒక గోడ ఆమెది. ఫోను చేసి కనుక్కో.

ఇప్పుడు ఆట సంగతి. ఆటలో జరిగిన కథను బయటివాళ్ళకు చెప్పడం పెళ్ళి వీడియో చూపించడం లాంటిది. వెళ్ళినవాళ్ళకు ప్రతి క్షణం పండగే, చూసేవాడు భోజనాలు ఎప్పుడా అని ఎదురుచూస్తాడు. నీ మంచుకోట, అందులోని రాక్షసి, ఆమె దాచిన కిరీటం మీ అయిదుగురికీ ముద్దు. నాకు కావలసింది ఆ కిరీటం కోసం ఎవరు ఏం వదులుకోవడానికి సిద్ధపడ్డారన్నది. ఈ ఆట పుట్టుకలోనే ఆ కిటుకు ఉంది. అమెరికాలో బొమ్మ సైనికులతో యుద్ధాలు ఆడే అలవాటు నుంచి ఇది వచ్చింది. ఆ ఆటల్లో ఒక్కొక్కరూ ఒక దండును నడిపేవారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో అచ్చువేసిన ఆటలో మాత్రం ఒక్కొక్కరికీ ఒకే మనిషి. దండులో పదిమంది పోతే అది లెక్క. ఉన్న ఒక్కడూ పోతే ఆడేవాడు కాసేపు మాట్లాడడు. నువ్వు తెలిసో తెలియకో మళ్ళీ దండును నడిపావు. ‘మేము దాడి చేశాం’, ‘మేము గెలిచాం’ అని పేజీలకు పేజీలు ‘మేము’. దాన్ని విడగొట్టు.

పాచికల దగ్గర ఇంకో మాట. పదో పేజీలో నీ మిత్రుడికి వరసగా మూడుసార్లు 20 పడింది. నిజంగానే పడి ఉండవచ్చు, నిన్ను అనుమానించడం లేదు. కానీ 20 ముఖాల పాచిక మీద వరసగా మూడు ఇరవైలు పడే అవకాశం ఎనిమిది వేలలో ఒకటి. నీకు జరిగింది కాబట్టి నువ్వు నమ్ముతావు, పాఠకుడికి నమ్మవలసిన అవసరం లేదు. ‘ఇది నిజంగా జరిగింది’ అని బ్రాకెట్లో రాశావు చూడు, అది మరీ పనికిరాదు. ఆ మూడింటి కంటే ఎనిమిదో పేజీలోని పాచిక నాకు నచ్చింది. మీవాడొకడు లోయ మీద తాడు పట్టుకుని దూకాలి. మాస్టర్ 15 రావాలన్నాడు. పాచిక మీది అంకెకు వాడి పాత్ర నేర్పు కింద 3 కలుస్తుంది కాబట్టి పాచిక మీద 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి. 20 ముఖాల్లో తొమ్మిదే వాడి వైపు ఉన్నాయి, అంటే నూటికి 45 పాళ్ళు. అవతలి ఒడ్డున ఇద్దరు మిత్రులు చిక్కుకున్నారు, ఇవతల దారి సుఖంగా ఉంది. పాచిక చేతిలో పట్టుకుని వాడు ఎంతసేపు కూర్చున్నాడు? ఎవరి ముఖం చూశాడు? ఎవరైనా ‘వద్దురా’ అన్నారా? నువ్వు ‘పాచిక వేశాడు, 7 పడింది’ అన్నావు. పడిన అంకె పాచిక పని, నీ పని దానికి ముందు ఉంది. నియమాలు మాత్రం పాఠకుడికి పాఠంలా చెప్పకు. ఎంత పడాలో, పడకపోతే ఏమవుతుందో తెలిస్తే, ఈ ఆట పేరు విననివాడు కూడా ఆ పాచిక వైపే చూస్తాడు.

తెలుగులో ఈ ఆటను రాయడంలో ఒక చిక్కుంది. నువ్వు దానిలో కాలు పెట్టి, గమనించకుండా బయటికి వచ్చావు. మీలో ఒక అబ్బాయి ముసలి మంత్రగత్తె పాత్ర వేశాడు. ఆట బల్ల దగ్గర వాడు ‘నేను లోపలికి వెళ్తాను’ అంటే ఇబ్బంది లేదు, ఆ క్రియకు ఆడా మగా లేదు. నువ్వు కథ చెప్పేటప్పుడు మాత్రం ‘వెళ్ళాడు’ అనాలా, ‘వెళ్ళింది’ అనాలా? ఒకచోట ‘వెళ్ళాడు’, తరువాతి పంక్తిలో ‘వెళ్ళింది’, ఇంకోచోట భయపడి ‘వెళ్ళడం జరిగింది’ అన్నావు. ఆ ‘జరిగింది’ని ప్రభుత్వ నివేదికలకు వదిలేద్దాం. నేనైతే ఇలా చేస్తాను. చిప్స్ పొట్లం చింపినప్పుడు ‘చింపాడు’, మంచులో దీపం పట్టుకుని నడిచినప్పుడు ‘నడిచింది’. మనిషీ పాత్రా విడదీయలేని క్షణం వస్తే, నేను తప్పుకుని వాడి మాటనే కొటేషన్లో పెడతాను. అక్కడ ‘నేను’ ఒక్కటే ఉంటుంది, ఆ ‘నేను’ ఎవరో పాఠకుడు తేల్చుకుంటాడు.

మర్యాదల సంగతి కూడా అంతే. చిన్నప్పటి నుంచి ‘ఒరేయ్’ అని పిలుచుకునేవాళ్ళు పాత్రల్లోకి వెళ్ళగానే ‘మీరు సెలవిస్తే’ అని పాత సినిమా రాజుల్లా మాట్లాడారు. అది నువ్వు బాగానే పట్టుకున్నావు. ఎప్పుడు మళ్ళీ ‘ఒరేయ్’లోకి జారారో కూడా చూడు. సాధారణంగా ప్రాణం మీదికి వచ్చినప్పుడే జారతారు.

మంచుకోటను కాకతీయుల కోటగా మార్చాలా అని అడిగావు. వద్దు. మన నేల మీదిదైతేనే మన రచన అవుతుందని ఎవరో సలహా ఇచ్చి ఉంటారు, ఆ సలహా నాకూ ఎన్నోసార్లు వినిపించింది. వరంగల్ ఎండలో పెరిగిన అయిదుగురు, మధ్యాహ్నమంతా వేడెక్కిన రాళ్ళ మధ్య తిరిగి, రాత్రి ఫ్యాను కింద కూర్చుని మంచును ఊహించుకోవడమే నాకు రుచించింది. ఎవరూ చూడని మంచును ఒక్కొక్కరూ ఒక్కోలా ఊహిస్తారు. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన మంచు తప్ప తెలియనివాడు దాని మీద ఎలా నడుస్తాడు? మీవాడొకడు ‘మంచు మీద కాలు పెడితే చప్పుడవుతుందా?’ అని అడిగినట్టు రాశావు. అలాంటివి ఇంకా ఉంటే తీసుకురా.

అలాగే, ఆరో పేజీలో ‘ఇది మన ఒగ్గు కథకు కొత్త రూపం’ అన్న వాక్యం కొట్టేయి. పోలిక లేదని కాదు. ఒగ్గు కథలోనూ ప్రధాన కథకుడు ఒక్కడే చెప్పుకుపోడు. పక్కవాళ్ళు వంత పాడతారు, మధ్యలో అడ్డుతగిలి ప్రశ్నిస్తారు, పాత్రలవుతారు. చుక్క సత్తయ్య లాంటి కళాకారుడు అదే కథను ఎదుటి జనాన్ని బట్టి పెంచగలిగేవాడు, తగ్గించగలిగేవాడు. కానీ మల్లన్న కథ ఎటు పోతుందో వినేవాళ్ళకు ముందే తెలుసు, తెలిసే వస్తారు. మీ బల్ల దగ్గర చెప్పేవాడికి కూడా తెలియదు. అంత పెద్ద తేడాను ‘కొత్త రూపం’ అన్న మాట కింద దాచేస్తే రెండింటికీ న్యాయం జరగదు.

పొద్దుటి భాగం గురించి ఎక్కువ చెప్పను. మొదటి రెండున్నర పేజీలు, అంటే ఎవరు ఆలస్యంగా వచ్చారు, బండి ఎక్కడ నిలిపారు, బిర్యానీకి ఎంతయింది, తీసేయవచ్చు. కోట దగ్గర మొదలుపెట్టు. చెరువు కట్టను కొంచెం ఉంచు, అక్కడ ఇద్దరు అలిగారు కదా. ఆ అలక రాత్రి ఆటలో ఎక్కడ తేలిందో వెతుకు, తప్పకుండా తేలి ఉంటుంది. ఒకటి మాత్రం నాకు అర్థం కాలేదు. దసరా ముందు రోజులంటున్నావు, కిటికీ తెరిచి ఉందంటున్నావు. హనుమకొండలో ఆ రాత్రి ఆ గదిలోకి బతుకమ్మ పాట ఒక్కటీ రాలేదా? రాక్షసి గుహలో నిశ్శబ్దంగా నడవవలసిన సమయానికి కింద వీధిలో ‘ఉయ్యాలో’ వినిపించి ఉంటే మాస్టర్ ఏం చేశాడు? కిటికీ మూశాడా, పాటను గుహలోకి తీసుకువెళ్ళాడా? రాలేదంటే రాలేదనే ఉంచు. నా కోసం కల్పించవద్దు.

చివరగా, పదకొండో పేజీ. జగిత్యాల అబ్బాయి తన పాత్ర దగ్గర గాయాలకు మిగిలిన ఒక్క మందునూ, మాస్టర్ అప్పుడే కల్పించిన ఒక సైనికుడికి తాగించేశాడు. ఆ సైనికుడు ఎవరికీ ఏమీ కాడు, పేరు కూడా లేదు, ‘మా తమ్ముడు ఇంటి దగ్గర ఎదురుచూస్తున్నాడు’ అని ఒక్క మాటే అన్నాడు. అంతవరకు చాలా బాగుంది. ఆ వెంటనే ‘వాడికి గల్ఫ్‌లో ఉన్న అన్న గుర్తొచ్చి ఉంటాడు’ అని రాశావు. ఆ వాక్యం తీసేయాలి. అన్న గల్ఫ్‌లో ఉన్నాడన్న సంగతి ముందే, చెరువు కట్ట దగ్గర, వేరే మాటల మధ్య ఒకసారి వచ్చి పోతే చాలు. మిగిలింది చదివేవాళ్ళు చూసుకుంటారు. అసలు దానికంటే ముందు ఆ అబ్బాయిని అడగాలి. ఆట అనుకుని, నలుగురు స్నేహితుల మధ్య చేసిన పని అది. అచ్చులో చూసుకుంటే ఇంట్లోవాళ్ళ ముందు తలెత్తుకోలేనంటాడేమో. పేరు మార్చినంత మాత్రాన చాలదు, ఊళ్ళో వాళ్ళు పోల్చుకుంటారు. రాసిన పేజీ చేతికిచ్చి చదవమను, ఫోనులో చెప్పి ఒప్పించకు. వద్దంటే ఆ పేజీ పోతుంది. రాక్షసినో కిరీటాన్నో పెట్టి ఆ ఖాళీని నింపాలని చూడకు. కాజీపేట అమ్మాయి ప్రశ్న ఉంది, లోయ దగ్గర ఆగిన పాచిక ఉంది, రచన నిలబడుతుంది.

సంక్రాంతి లోపల తిరగరాసి పంపు. ఈసారి కాగితానికి రెండు వైపులా ప్రింటు తీయించకు, నాకు రాసుకోవడానికి వెనకవైపు కావాలి.

ఆశీస్సులతో,
నీ అన్న