ఊబి శవాలా, బురద మమ్మీలా?

ప్రశ్న: డెన్మార్క్‌లో దొరికిన ‘టోలుండ్ మనిషి’ (వేల ఏళ్లు నేలలో చెడకుండా నిలిచిన దేహం) మీద వ్యాసం అనువదిస్తున్నాను. ఇలాంటివాటిని ‘బురద మమ్మీలు’ అని రాశాను. మిత్రుడొకరు ‘ఊబి శవాలు’ అనాలన్నారు. ఇంకొకరు ‘కళేబరాలు’ చాలన్నారు. ఏది ఒప్పు?

జవాబు: మూడింటితోనూ చిక్కే.

బురద అంటే మన్నూ నీరూ కలిసింది. ఈ దేహాలు దొరికేది పీట్‌లో, అందులో మన్ను నామమాత్రం. స్ఫాగ్నమ్ అనే నాచు వేల ఏళ్లు నీటిలో నాని, సగం చివికి, పూర్తిగా కుళ్ళకుండా పొరలుగా పేరుకున్నదే పీట్. ఎండబెడితే పొయ్యిలోకి పనికొస్తుంది. 1950 మే 8న సిల్కెబోర్గ్ దగ్గర టోలుండ్ మనిషి బయటపడిందీ అలా పీట్ కోస్తున్నవాళ్ల చేతికే. మనకు దీనికి అచ్చతెలుగు మాట లేదు. బొగ్గు రకాల పాఠంలో అందరం ‘పీట్’ అనే చదువుకున్నాం, అదే ఉంచండి. (నర్సరీల్లో అమ్మే కోకోపీట్ కొబ్బరిపీచు పొట్టు. దీనితో దానికి పేరు చుట్టరికమే.)

‘ఊబి’ అనగానే పాఠకుడికి కాలు జారి దిగబడిపోయినవాడు కళ్లకు కడతాడు. టోలుండ్ మనిషి మెడకు తోలుతాడు ఉరి ఉంది. 1952లో డెన్మార్క్‌లోనే దొరికిన గ్రౌబల్ల మనిషి గొంతు కోసి ఉంది. వీళ్లను చంపి అక్కడ పెట్టారు. ఆ సంగతిని ‘ఊబి’ మింగేస్తుంది.

‘మమ్మీ’ పారసీకంలో మైనానికున్న ‘మూమ్’ అనే మాట నుంచి వచ్చింది. మోమ్‌బత్తీలో ఉన్నదీ అదే. ఎండించి, పూతలు పూసి, గుడ్డ చుట్టిన ఈజిప్టు దేహమే మన పాఠకుడికి మమ్మీ. పీట్‌లో జరిగేది అందుకు తలకిందులు: ఎండటం కాదు, ఊరటం. పని తీరు తెలియాలంటే తోళ్లు ఊరబెట్టే మన లందనే గుర్తు తెచ్చుకోండి. తంగేడు చెక్క నీళ్లలో తోలు పదునైనట్టే, నాచు విడిచే పదార్థాల్లో చర్మం పదునెక్కి గోధుమరంగుకు తిరుగుతుంది. పీట్ నీటిలో ప్రాణవాయువు ఉండదు, పైగా పులుపు, చలి. కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు ఊపిరాడదు. గ్రౌబల్ల మనిషిని బయటికి తీశాక చెడకుండా ఓక్ చెక్క రసంలో ఏడాదిన్నర ఊరబెట్టారు కూడా. పీట్ మొదలుపెట్టిన పనిని మనుషులు పూర్తిచేశారన్నమాట.

ఇక ‘కళేబరం’. సంస్కృతంలో వట్టి శరీరమే. కానీ పత్రికల వాడుకలో అది పశువులకు స్థిరపడిపోయింది. ‘పార్థివదేహం’, ‘భౌతికకాయం’ నిన్నమొన్న పోయిన పెద్దలకు. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దపు మనిషికి వాడితే సంతాప సభ వాసన వేస్తుంది. ‘పీట్ మృతదేహాలు’ అని ఒకసారి పరిచయం చేసి, ఆ తరవాత ‘ఈ దేహాలు’ అంటూ సాగండి.

క్రియ దగ్గర జాగ్రత్త. దేహం దొరికింది, దేహాలు దొరికాయి. కానీ టోలుండ్ మనిషి దొరికాడు. ఒకే వాక్యంలో ‘మనిషి దొరికాడు, అది మ్యూజియంలో ఉంది’ అని తడబడకండి. అక్కడ అసలుది తల ఒక్కటే, ఒళ్ళు తిరిగి కట్టింది. కాబట్టి ‘ఆయన తల మ్యూజియంలో ఉంది’ అంటే వ్యాకరణమూ నిలుస్తుంది, నిజమూ నిలుస్తుంది.

అనువాదకులు తరచు జారే చోట్లు మరో రెండున్నాయి. ‘చెక్కుచెదరని అస్థిపంజరం’ అని రాయకండి. పులుపు ఎముకలోని సున్నాన్ని కరిగిస్తుంది. ఎముక మెత్తబడి, కొన్ని దేహాలు తోలుసంచిలా అణిగిపోయాయి. చెక్కుచెదరకపోవటం చర్మానికీ జుట్టుకీ గోళ్లకే చెల్లుతుంది. సున్నం పాలున్న, పులుపులేని పీట్‌లో దీనికి వ్యతిరేకం, అక్కడ ఎముకలు మిగిలి చర్మం పోతుంది. అలాగే ‘ఎర్రజుట్టు మనిషి’ అనకండి. ఆ ఎరుపు పీట్ పులిమింది, పుట్టుకతో వచ్చింది కాదు. ‘ఎర్రబారిన జుట్టు’ అనండి.