క్లౌడ్ గేట్ నాట్యం చూడబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

తైవాన్ రాజధాని తైపేలో క్లౌడ్ గేట్ నాట్య బృందం వాళ్ళ ప్రదర్శనకి టికెట్టు దొరికిందని రాశావు, సంతోషం. ఏది ఆడుతున్నారో మాత్రం రాయలేదు. చూసొచ్చి తెలుగులో వ్యాసం రాస్తానంటున్నావు. "చైనా సంప్రదాయాన్నీ ఆధునిక నాట్యాన్నీ కలిపి సమాజం గురించి చెబుతారట, అది ఎలా పట్టుకోవాలి పెద్దమ్మా?" అని అడిగావు. మీ పెదనాన్న ఉద్యోగం పుణ్యమా అని ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నేను చూసిన దాన్నిబట్టి చెబుతున్నాను, విను.

ముందు ఒక సంగతి తేల్చుకో. పాతదీ కొత్తదీ కలిపితే అది ధిక్కారం అయిపోదు. ఆ పని ప్రభుత్వాలు కూడా చేశాయి. 1964లో బీజింగ్‌లో 'ఎర్ర మహిళా దళం' అనే బ్యాలే తయారైంది. భూస్వామి చెర తప్పించుకున్న అమ్మాయి విప్లవ దళంలో చేరే కథ అది. మునివేళ్ళ మీద నిలబడే బ్యాలే అడుగుల్లోకి పెకింగ్ ఒపేరా అనే చైనా సంప్రదాయ సంగీత నాటకంలోని యుద్ధ భంగిమలనీ, పిడికిలి బిగించి చటుక్కున ఆగిపోయే పద్ధతినీ తెచ్చారు. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ అక్కడికి వెళ్ళినప్పుడు ఆయనకి చూపించింది దాన్నే. సంప్రదాయం ఉంది, సమాజం ఉంది, కలయికా బాగానే కుదిరింది. కాకపోతే అందులో నోరు విప్పేది పార్టీ ఒక్కటే. కాబట్టి ఏ నాట్యం చూసినా ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో మాట్లాడుతున్నారు అన్నది ముందు ప్రశ్నించుకో.

క్లౌడ్ గేట్ చరిత్ర అంతా ఈ ప్రశ్నకి జవాబు మారుతూ రావడమే. కథలు రాసుకునే లిన్ హ్వాయ్-మిన్, అమెరికాలో ఆధునిక నాట్యకారిణి మార్థా గ్రాహం పద్ధతి నేర్చుకుని వచ్చి 1973లో ఈ బృందాన్ని పెట్టాడు. చైనీయులు కూర్చిన సంగీతానికి చైనీయులు నాట్యం కట్టి, చైనీయుల కోసం ఆడాలన్నది అప్పటి నినాదం. 1975లో చేసిన 'తెల్లపాము కథ' అచ్చంగా పాత ఒపేరా కథే. తైవాన్‌లో అప్పుడు మార్షల్ లా, అంటే సైనిక శాసనం నడుస్తోంది, 1949 నుంచి 1987 దాకా. బడి పిల్లలు తాము ఎన్నడూ చూడని చైనా నదుల పేర్లు బట్టీ పట్టేవారు, ఊరి పక్కన పారే ఏరు గురించి పాఠం ఉండేది కాదు.

అలాంటి రోజుల్లో 1978లో 'వారసత్వం' వచ్చింది. చైనా దక్షిణ తీరం నుంచి పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటి ఈ దీవికి వచ్చినవాళ్ళ కథ. రాజులు లేరు, అప్సరసలు లేరు. నాట్యకారుల్ని షిన్‌ద్యెన్ నది ఒడ్డుకి తీసుకెళ్ళి బండరాళ్ళు మోయించి సాధన చేయించారు. సముద్రం దాటే ఘట్టంలో పెద్ద తెల్లగుడ్డ అలలా లేచి పడుతూ ఉంటే, ఆడామగా ఒకరినొకరు ఆనుకుని ఒక ముద్దగా చేరతారు. పడవా వాళ్ళే, ప్రయాణికులూ వాళ్ళే. మధ్యలో చెన్ దా అనే ముసలి జానపద గాయకుడి గొంతు. డిసెంబర్ 16న తైవాన్‌లోని జియాయీ ఊళ్ళో మొదటి ప్రదర్శన. తైవాన్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుంటున్నట్టు అమెరికా చెప్పిన వార్త సరిగ్గా ఆ రోజే తెలిసింది. ఆ సాయంత్రం ఆ పడవని చూసినవాళ్ళకి ఎలా ఉండి ఉంటుందో నువ్వే ఊహించుకో. "ఈ నేల మాది" అని ఎవరూ అనక్కర్లేకపోయింది.

మెచ్చుకుంటూనే నిలదీయడం కూడా నేర్చుకో. ఆ వలసవాళ్ళు దిగేసరికే వేల ఏళ్ళుగా అక్కడ ఉన్న ఆదివాసులు ఈ కథలో ఎక్కడున్నారని వెతుకు. పదిహేనేళ్ళకి, 1993లో చేసిన 'తొమ్మిది పాటలు'లో ఆ ఆదివాసుల్లో ఒకరైన త్సౌ తెగ పాట వినిపిస్తుంది. పేరుకి అది చూ యువాన్ అనే ప్రాచీన చైనా కవి రాసిన, రెండు వేల ఏళ్ళు దాటిన కవిత. వేదిక ముందు తామరకొలను, ముసుగులు తొడుక్కున్న దేవతలు. వాళ్ళ మధ్యలోంచి సూటు వేసుకున్న ఒకాయన పెట్టె పట్టుకుని నడిచి పోతాడు. ఇంకొకడు సైకిలు తొక్కుకుంటూ వెళ్ళిపోతాడు. చాలామంది దాన్ని వింతగా రాసి వదిలేస్తారు. నాకైతే ఆ పెట్టెవాడే అసలు మనిషి. దేవతల్ని పిలిచిన జనానికి వాళ్ళు ఏం ఒరగబెట్టారన్న ప్రశ్న అతని నడకలోనే ఉంది. చివర్లో అమరుల కోసం చేసే అర్చనలో చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతారు. అక్కడికొచ్చేసరికి పురాణం కాస్తా నిన్నటి పేపరు అయిపోతుంది.

ఇక కళ్ళ సంగతి. నువ్వు చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నావు కాబట్టి చెయ్యి కదిలితే చాలు, అర్థం వెతుకుతావు. అక్కడ అది పనికిరాదు. చేతుల్ని వదిలేసి నడుము కింద చూడు. 1990ల నుంచి ఆ బృందం సాధనలో తాయ్ చీ అనే మెల్లగా కదిలే చైనా వ్యాయామం, ధ్యానం, యుద్ధవిద్యలు ఉన్నాయి. మోకాళ్ళు వంగే ఉంటాయి, మన అరమండి గుర్తొస్తుంది. కానీ మనం పాదంతో నేలని కొడతాం. వాళ్ళు ముందు బరువంతా ఒక కాలి మీదికి ఒంపేసి, ఖాళీ అయిన రెండో కాలిని మెల్లగా తీసి పెడతారు. పొత్తికడుపులో పుట్టిన కదలిక నడుము, వెన్ను, భుజం దాటి ఆఖర్న వేలికొసకి చేరుతుంది. ఎక్కడైనా ఈ వరస తెగిందా, ఎవరైనా ఊపిరి బిగబట్టి నిటారుగా గడ్డకట్టుకుపోయారా, అక్కడ ఏదో చెబుతున్నారని గుర్తుపెట్టుకో. ఒపేరాలోని నీటి చేతులు, అంటే చొక్కా చేతుల చివర వేలాడే పొడుగాటి తెల్లపట్టు కనబడితే, దాన్ని విసరడం కన్నా వెనక్కి మడుచుకోవడం ఎలా చేస్తున్నారో చూడు. పనితనం తెలిసేది అక్కడే.

1994 నాటి 'సంచారుల పాటలు' గనక అయితే ఒక జాగ్రత్త చెబుతాను. మూడున్నర టన్నుల ధాన్యం, నెత్తిన ధార పడుతూ ఉంటే ప్రదర్శన అంతా కదలకుండా నిలబడే బిక్షువు. బుద్ధగయ వెళ్ళొచ్చాక లిన్ చేశాడది. అది తెలియగానే మనవాళ్ళు "భారతీయ ప్రభావం" అని శీర్షిక పెట్టేస్తారు. నువ్వు పెట్టకు. జార్జియా దేశపు జానపద గీతాలకి తైవాన్ ఒళ్ళు కదిలే నాట్యం అది.

లిన్ తప్పుకున్నాక 2020 నుంచి చెంగ్ త్సుంగ్-లుంగ్ నడుపుతున్నాడు. చిన్నప్పుడు తండ్రితో తైపేలోని వాన్‌హ్వా పేట వీధుల్లో చెప్పులమ్మినవాడు. అతని నాట్యంలో ఆ వీధి రొద ఉంటుంది. ప్రదర్శనకి ముందు ఒక పూట వాన్‌హ్వాలో లోంగ్‌షాన్ గుడి చుట్టుపక్కల ఊరికే తిరుగు. ఇంకో రోజు పొద్దున్నే 228 శాంతి స్మారక పార్కుకి వెళ్ళు. ముసలివాళ్ళు వ్యాయామం చేస్తుంటారు, పక్కనే 1947లో ప్రభుత్వం చంపినవాళ్ళ స్మారకం ఉంటుంది. 1997లో లిన్ పాత ఫొటోలు, జనం నోటి మాటలు తీసుకుని ఆ చావుల మీదే 'కుటుంబ చిత్రాలు' చేశాడు.

బీజింగ్‌లో వెన్ హుయీ అనే నాట్యకారిణి దారి వేరు. 1994లో లివింగ్ డాన్స్ స్టూడియో మొదలుపెట్టి, ఆడవాళ్ళ కాన్పుల కబుర్లు అడిగి నాట్యం చేసింది, భవనాలు కట్టే వలస కూలీలతో కలిసి ఆడింది. వ్యాసంలో ఆమెకి ఒక పేరా ఇవ్వు. లేకపోతే చైనా అంటే పట్టుబట్టలే అనుకుంటారు చదివేవాళ్ళు.

సీటు మరీ ముందు వరసలో తీసుకోకు, నేల కనబడదు. కరపత్రం ప్రదర్శన అయ్యాకే చదువు. ఇంటికి రాగానే "అద్భుతం", "మంత్రముగ్ధులను చేసింది" లాంటి మాటల జోలికి పోకుండా, గుర్తున్న ఒకే ఒక్క కదలికని పది వాక్యాల్లో రాయి. వ్యాసం అక్కణ్ణుంచి పెరగాలి. ఇంకోటి, వాళ్ళకీ మనలాగే ఇంటిపేరు ముందు ఉంటుంది. పొట్టిగా రాయాల్సివస్తే లిన్ అనాలి గాని మిన్ అని రాయకు. చిత్తుప్రతి అచ్చుకి ఇచ్చే ముందు నాకు పంపు. ఎర్రపెన్ను నా దగ్గర ఇంకా ఉంది.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ