ఏ ఆత్మకూరు, పాపా?

పాపా,

నువ్వు కారు కొంటున్నావనీ, డిసెంబరు సెలవులకి స్నేహితురాళ్లని ఎక్కించుకుని హైదరాబాదు నుంచి శ్రీశైలం, భైరవకోన, ఉదయగిరి కోట చూసుకుంటూ మన ఆత్మకూరు దాకా నువ్వే తోలుకొస్తావనీ మీ నాయన ఫోన్ చేసి చెప్పాడు. మన ఇంట్లో స్టీరింగ్ పట్టిన మొదటి ఆడపిల్లవి నువ్వే. ఈ మాట వీధిలో అందరికీ చెప్పేశాను, పాలు పోసే ఆమెతో సహా. చెప్పొచ్చి ఇంట్లో కూర్చున్నాక మాత్రం గాభరా మొదలైంది. అడవి, ఘాట్ రోడ్డు, పైగా మనకి తుపాన్ల కాలం. ఫోన్‌లో చెబుదామంటే "సరే పెదనాయనా, సరే పెదనాయనా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందు నువ్వు అడిగినదానికి జవాబు. నావిగేషన్ బిగించి ఇచ్చే పై వేరియంట్ తీసుకోవాలా, ఫోన్ చాలా అని కదా? ఫోన్ చాలు. అయితే ఫోన్‌లో మ్యాప్ కారు స్క్రీన్ మీద కనబడాలి. ఆండ్రాయిడ్ ఆటో అంటారే, అది ఉన్న వేరియంట్ తీసుకో. మిగిలే డబ్బుకి ఎయిర్‌బ్యాగులు ఎక్కువ వస్తాయేమో, స్టెప్నీ సరైన సైజుది ఇస్తున్నారో లేదో చూసుకో.

ఆర్టీసీలో రిటైరయ్యాక నెల్లూరులో ఒకాయన దగ్గర కారు తోలాను కదా, దాంట్లో కంపెనీ బిగించిన నావిగేషనే ఉండేది. మంచి వస్తువే, కాదనను. మ్యాప్ అంతా కారులోనే ఉంటుంది కాబట్టి టవర్ ఉన్నా లేకపోయినా దానికి పట్టదు. చక్రం ఎంత తిరిగిందో కూడా లెక్క చూసుకుంటుంది కాబట్టి సొరంగంలో ఆకాశం కనబడకపోయినా కారు ఎక్కడుందో అంచనా కట్టేస్తుంది. కానీ నువ్వొచ్చే దారిలో సొరంగాలెక్కడివి? దానితో చిక్కు ఇంకోటి. మ్యాప్ పాతబడిపోతుంది. కొత్తగా వేసిన బైపాస్ మీద మేం పోతుంటే స్క్రీన్ మీద మా బాణం గుర్తు రోడ్డే లేని చోట, చేలకడ్డం పడి పోతుండేది. వెనక్కి తిరగండి, వెనక్కి తిరగండి అని అది మొత్తుకోవడం, వెనక సీట్లో ఆయన "ఏమిటయ్యా దాని గొడవ" అని విసుక్కోవడం. మ్యాప్ మార్పించాలంటే షోరూముకి పోవాలి, డబ్బు కట్టాలి. ఇప్పుడొచ్చే కార్లలో సిమ్ము కూడా వాళ్లే పెట్టి మ్యాప్ దానంతటదే మారేట్టు చేస్తున్నారు. అది కూడా కొన్నేళ్లే ఉచితం, ఆ తర్వాత చందా. ఒకవేళ నీ మనసు దాని మీదే ఉంటే ఎన్నేళ్లు ఉచితమో, తర్వాత ఏడాదికెంతో కాగితం మీద రాయించుకో. నోటి మాట నమ్మొద్దు.

ఫోన్‌ది అసలు గొప్ప ఏమిటంటే, ఈ పూట రోడ్డు ఎలా ఉందో దానికి తెలుస్తుంది. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చి పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది చూడు, అలాంటప్పుడు కారులో దాచిన పాత మ్యాప్‌కి రోడ్డు నిక్షేపంగానే కనబడుతుంది. ఫోన్‌లో అయితే ఎర్రగీత పడుతుంది, దారి మూసేశారని కబురైనా వస్తుంది.

అడవిలో సిగ్నల్ ఉండదు కదా అంటావు. సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచెయ్యదని చాలామంది అనుకుంటారు గానీ, అది తప్పు. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వస్తుంది, టవర్‌తో పని లేదు. నువ్వెక్కడున్నావో ఫోన్‌కి తెలుస్తూనే ఉంటుంది. రానిది మ్యాప్ బొమ్మ. అందుకని ఇంట్లో వైఫై ఉన్నప్పుడే హైదరాబాదు నుంచి నెల్లూరు దాకా మ్యాప్ ఫోన్‌లోకి దింపుకో. దింపుకున్నదానిలో ట్రాఫిక్ కనబడదు, ఇంకో దారి చూపించదు, కారు పోవాల్సిన దారి మాత్రం చెబుతుంది. దానికి గడువుంటుంది కాబట్టి బయల్దేరే వారం మళ్లీ ఒకసారి అప్‌డేట్ చేసుకో. నీది ఒక నెట్‌వర్క్, నీ పక్కన కూర్చునే పిల్లది ఇంకో నెట్‌వర్క్ ఉండేట్టు చూసుకో. పవర్ బ్యాంక్ మర్చిపోకు.

మొన్న ఎవరిదో కారు తోలుతూ ఫోన్ ఒళ్లో పెట్టుకుని కిందికీ పైకీ చూస్తున్న వీడియో పెట్టావు. అది చూసి మీ పెద్దమ్మకి చెప్పకుండా తీసేశాను, లేకపోతే ఆ రోజు ఇంట్లో అన్నం ఉడికేది కాదు. ఆ పని ఇంకోసారి చేశావో, నేను హైదరాబాదు వచ్చి తాళాలు లాక్కుంటాను. 2020 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న రూల్ ప్రకారం బండి తోలేటప్పుడు ఫోన్‌ని దారి చూసుకోవడానికి మాత్రం వాడొచ్చు, అదీ తోలేవాళ్ల ధ్యాస చెదరకుండా. ఒళ్లో పెట్టుకోమని ఏ రూలూ చెప్పలేదు. అద్దానికి అతికించే స్టాండ్ కూడా వద్దు, మన ఎండలకి ఫోన్ కాగిపోయి స్క్రీన్ మసకబారుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ఏసీ గాలి వచ్చే చోట పెట్టు. ఊరి పేరు కొట్టడం, దారి మార్చడం పక్క సీటు పిల్ల పని. నువ్వు మాట వినడం వరకే.

ఇక అసలు సంగతి. మీ అక్క పెళ్లికి మీరు అందుకోలేకపోయారని నీకు తెలుసు గానీ, ఎందుకో నీకు సరిగా ఎవరూ చెప్పి ఉండరు. నువ్వప్పుడు నాలుగో తరగతి. మీ నాయన కొత్త కారు కొన్న మోజు, దాంట్లో నావిగేషన్ ఉందని ఇంకా మోజు. "అన్నా, ఇంక నాకు ఎవర్నీ దారి అడిగే పన్లేదు" అని పెళ్లికి వారం ముందు నుంచీ ఫోన్‌లో ఒకటే చెప్పడం. శ్రీశైలంలో దర్శనం చేసుకుని ఘాట్ దిగి దోర్నాలలో టీకి ఆగారు. అక్కడ స్క్రీన్ మీద ఆత్మకూరు అని కొట్టాడు. మొదట వచ్చిన పేరు నొక్కాడు.

అది మన ఆత్మకూరు కాదు. నల్లమల అవతల, అప్పట్లో కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న ఆత్మకూరు. స్క్రీన్ మీద వంద కిలోమీటర్లు కూడా చూపించలేదట. మనూరికి దోర్నాల నుంచి మార్కాపురం, కనిగిరి, పామూరు దాటి రావాలి, వందలో ఎలా వస్తుంది? మీ నాయనకి అనుమానం రావాల్సింది పోయి సంబరం వేసింది, మిషన్ అడ్డదారి పట్టిందని. పోనీ రోడ్డు పక్క బోర్డులు చూసైనా తెలియాలి కదా అంటే, కుడిచేతి వైపు తిరగ్గానే బోర్డు మీద ఆత్మకూరు అనే రాసి ఉంది! కిలోమీటరు రాళ్ల మీద కూడా అదే. ఇంక ఎవడికి అనుమానం వస్తుంది?

నాకైతే వచ్చేది. మనవైపు రావాలంటే దోర్నాల నుంచి ముందు తూర్పుకీ, తర్వాత దక్షిణానికీ పోవాలి. సాయంత్రం పూట సూర్యుడు వీపు వెనకో కుడి పక్కనో ఉండాలి. మీ నాయనకి ఎండ సూటిగా కళ్లలో పడింది. పడితే ఏం చేశాడు? నెత్తి మీద రేకు కిందికి దించుకుని ఇంకొంచెం స్పీడు పెంచాడు. ఈ మాట మీ అమ్మే నాకు చెప్పింది, నవ్వాలో ఏడవాలో తెలియక.

రోళ్లపెంట, బైర్లూటి దాటి అడవి బయటికి వచ్చేసరికి చీకటి పడింది. ఆ ఊళ్లో కల్యాణ మండపం పేరు చెప్పి ఒకరి తర్వాత ఒకర్ని అడిగాడు. ఎవరికీ తెలియదు. చివరికి ఒక కిళ్లీ కొట్టు ముసలాయన శుభలేఖ చేతిలోకి తీసుకుని, దీపం కింద పెట్టి చదివి, "నాయనా, ఇది నెల్లూరు జిల్లా కదా" అన్నాడట. వెనక్కి అడవిలోంచి వద్దామంటే చెక్‌పోస్టు మూసే వేళైంది. నంద్యాల, మైదుకూరు, బద్వేలు మీదుగా చుట్టు తిరిగి రావడమే గతి. ముహూర్తం రాత్రి పదకొండింటికి.

ఇక్కడ నేను పెళ్లి పీటల మీద. అయ్యవారు చెప్పినట్టు చేతులు ఆడిస్తున్నాను గానీ, చెవి మాత్రం జేబులో ఫోన్ మీదే. అడవిలో ఉన్నంతసేపూ మీ నాయన నంబరుకి "కవరేజీ ప్రాంతంలో లేరు" అనే మాట. ఘాట్లలో పడిపోయిన బస్సుల్ని చూసిన వాణ్ని నేను, ఆ గంటల్లో నా బుర్రలో ఏమేం తిరిగాయో నీకు చెప్పను. కన్యాదానం చేస్తుంటే నీళ్లు ధారగా పోస్తున్న చెయ్యి వణికింది, కూతురు పోతుందని ఏడుస్తున్నాననుకున్నారు అందరూ. మీరు తెల్లవారి నాలుగింటికి వచ్చారు. బద్వేలు దగ్గర కళ్లు మూతలు పడుతుంటే మీ నాయన కారు పక్కన పెట్టి కాసేపు పడుకున్నాడట. ఆ రోజు మొత్తం మీద వాడు చేసిన తెలివైన పని అదొక్కటే, దానికి మాత్రం ఇప్పటికీ మెచ్చుకుంటాను. కారు దిగి పందిట్లోకి వస్తున్న వాణ్ని కొడదామనే లేచాను. నువ్వు వాడి భుజం మీద నిద్రపోతున్నావు. నిన్ను తీసుకుని లోపల పడుకోబెట్టాను, అంతే. అక్క పెళ్లి ఆల్బంలో మీరున్న ఫోటో ఒక్కటే, పొద్దుటి ఎండలో తీసింది. వెనకాల షామియానా సగం విప్పేసి ఉంటుంది చూడు. మీ అక్క ఇప్పటికీ మీ నాయన్ని "ఏ ఆత్మకూరు నుంచి మాట్లాడుతున్నావు బాబాయ్" అంటుంది, వాడు నవ్వి ఫోన్ మీ అమ్మకిచ్చేస్తాడు.

ఆ రోజు కారు నావిగేషన్ బదులు వాడి చేతిలో ఫోన్ ఉన్నా అదే జరిగేది పాపా. ఏది వాడినా సరే, ఊరి పేరు కొట్టాక జిల్లా చూడు, పిన్‌కోడ్ చూడు. ఆత్మకూర్లు మనకి అనంతపురం వైపు ఉన్నాయి, వనపర్తిలో ఉన్నాయి, హనుమకొండలో ఉన్నాయి. కందుకూరు అని కొడితే ఒకటి రంగారెడ్డి జిల్లాలో, నువ్వొచ్చే శ్రీశైలం రోడ్డు మీదే తగులుతుంది. ఉదయగిరి అంటే ఒడిశాకి కూడా తీసుకుపోగలదు. మంచి పని ఏమిటంటే, మన ఇంటి లొకేషన్ నేను వాట్సాప్‌లో పంపిస్తాను, అదే నొక్కు. కిలోమీటర్లు ఎన్ని చూపిస్తోందో చూసి, నీ అంచనాకి కుదరకపోతే అక్కడే ఆగు. ఒక తెల్ల కాగితం మీద మన్ననూరు, శ్రీశైలం, దోర్నాల, మార్కాపురం, కనిగిరి, పామూరు, దుత్తలూరు, ఆత్మకూరు అని వరుసగా రాసి డ్యాష్‌బోర్డులో పెట్టుకో. ఊరు దాటినప్పుడల్లా పక్క సీటు పిల్ల కొట్టేస్తూ రావాలి. మధ్యలో వరుసలో లేని పెద్ద ఊరు వచ్చిందంటే బండి ఆపి అడగండి. అడగడానికి సిగ్గుపడొద్దు, మీ నాయన పోలిక నీకు అదొక్కటి రాకుండా ఉంటే చాలు.

మ్యాప్ రెండు దార్లు చూపించి, ఒకటి పది నిమిషాలు తక్కువంటే ఆశపడకు. బస్సు తిరిగే దారి పట్టుకో. ఆ పది నిమిషాల కోసం అది నిన్ను కాలవ కట్ట మీదికీ, ఎదురుగా ట్రాక్టరొస్తే తప్పుకోను చోటులేని సందుల్లోకీ తోస్తుంది. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర రామగంగ నది మీద వరదకి సగం కొట్టుకుపోయిన వంతెన మీదికి మ్యాప్ దారి చూపిస్తే, కారు కిందపడి ముగ్గురు చనిపోయారు. పేపర్లో అది చదివిన దగ్గర్నుంచి నాకు వంతెనల భయం పట్టుకుంది. మన వైపు వంతెనల కంటే చప్టాలు ఎక్కువ. వానపడి చప్టా మీద నీళ్లు పారుతుంటే, ఎంత లోతో నీకు తెలియదు, ఫోన్‌కీ తెలియదు. ముందు ఆర్టీసీ బస్సు దాటినా సరే, నువ్వు దిగొద్దు. బస్సు బరువు వేరు, నీ కారు బరువు వేరు. ఇవతలే ఆగి నాకు ఫోన్ చెయ్యి, ఏ ఊరైనా సరే ఎవరో ఒక పాత డ్రైవరు మనవాడు ఉంటాడు.

అడవి గేట్లు మన్ననూరు దగ్గరా, ఇటు దోర్నాల దగ్గరా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. మ్యాప్‌లో ఈ సంగతి కనబడుతుందన్న నమ్మకం పెట్టుకోకు. శ్రీశైలంలో రాత్రి పడుకుని పొద్దున్నే ఘాట్ దిగు, మధ్యాహ్నానికి కనిగిరి దాటేస్తావు. భైరవకోనలో కొండని తొలిచిన గుళ్లు ఎనిమిది, అన్నీ చూడాలని పిల్లలు పట్టుబడతారు, ఎండుండగానే చూసి బయటపడండి. చీకట్లో మన రోడ్ల మీద వెనక లైటు లేని ట్రాక్టర్లూ, బర్రెలూ ఉంటాయి, వాటిని ఏ నావిగేషనూ చూపించదు.

బుక్ చేసేముందు షోరూములో ఆ స్క్రీన్ ముందు కూర్చుని, తెలుగులో "ఆత్మకూరు" అని నోటితో చెప్పి చూడు. ఏం వస్తుందో ఫోటో తీసి పంపు. మీ నాయన్ని కూడా తీసుకెళ్లు, కానీ స్క్రీన్ ముట్టుకోనివ్వకు. ఇంకో మాట, మీ పెద్దమ్మ అడగమంటోంది: వచ్చే పిల్లల్లో చేపలు తిననివాళ్లు ఎంతమంది? సోమశిల చేపకి ముందు రోజే చెప్పిపెట్టాలి.

మీ పెదనాయన