సగం డబ్బు అయిపోతే సగం పని అయినట్టేనా?

ప్రశ్న: తెనాలిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ కడుతున్నాను. ఎస్టిమేటు 2 కోట్ల 40 లక్షలు, అందులో 80 లక్షలు నూటికి రూపాయిన్నర వడ్డీకి తెచ్చాను. మూడు స్లాబులు పడేసరికి కోటీ 20 లక్షలు అయిపోయాయి. ఇవి కాక, 40 వేలు తగ్గిస్తానంటే 6 లక్షల టైల్స్ ముందే కొని పెట్టుకున్నాను, వాటి పని ఇంకో ఎనిమిది నెలలకు గానీ రాదు. మావాడేమో సైటు పని, ఖర్చు చూసుకోవడానికి సాఫ్ట్‌వేర్ కొనమంటున్నాడు. కొనాలా?
– ఒక పాఠకుడు

జవాబు: సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూద్దామండీ, ముందు ఇప్పటివరకు అయిన పనికి మీ ఎస్టిమేటు రేట్ల ప్రకారమే విలువ కట్టించండి. అది 96 లక్షలు తేలిందనుకోండి, మీరు పెట్టిన ప్రతి రూపాయికీ 80 పైసల పనే జరిగినట్టు, ఇదే తీరున సాగితే బిల్డింగ్ 3 కోట్లకు గానీ పూర్తికాదు. ఈ మాట మూడో స్లాబు దగ్గర తెలిస్తే సర్దుకోవచ్చు, రంగులు వేసేటప్పుడు తెలిస్తే ఏం చేయగలం?

టైల్స్ విషయంలో నష్టపోయారు. 6 లక్షల మీద ఎనిమిది నెలల వడ్డీ 72 వేలు, తగ్గింది 40 వేలే.

ఇక మీ సైటులో ఒక రోజు ఖరీదెంతో లెక్కేయండి. వడ్డీయే 4,000, సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా కింద నిలబెట్టే పలకలు, జాకీలు) అద్దె, సూపర్‌వైజర్ జీతం కలిపి 2,000 అనుకుంటే మొత్తం 6,000. స్లాబుకి ఇసుక లేక రెండు రోజులు ఆగడం కంటే లోడుకి 3,000 ఎక్కువిచ్చి ఇవాళే తెప్పించుకోవడం మేలు. కానీ అదే ఇసుక ప్రహరీగోడకైతే ఆగండి, గోడ వారం ఆలస్యమైనా బిల్డింగ్ ఆగదు. ఏ పని ఆగితే మొత్తం ఆగుతుందో విడదీసి చూసే ఈ పద్ధతిని 1957లో డ్యుపాంట్ కంపెనీలో తయారుచేశారు, పెద్ద ప్రాజెక్టుల ప్లానింగుకు వాడే ప్రైమావెరా లాంటి సాఫ్ట్‌వేర్లు ఇప్పటికీ చేసేది ఇదే.

మీకు మాత్రం ఫోన్‌లో గూగుల్ షీట్ చాలు. రోజుకో వరుస: ఎంతమంది వచ్చారు, ఏ పని ఎంత అయింది, సిమెంటు పొద్దున ఎన్ని బస్తాలు, సాయంత్రం ఎన్ని. ఎం20 రకం కాంక్రీటుకి ఘనమీటరుకి సుమారు 8 బస్తాలు పడుతుంది, అంటే 30 ఘనమీటర్ల స్లాబుకి 240. షీట్‌లో 262 కనిపిస్తే ఆ సాయంత్రమే మేస్త్రీని అడగండి, నెలాఖరున అడిగితే ఎవరికీ గుర్తుండదు. వాట్సాప్‌లో ఫోటోలు పెట్టుకుంటే చాలదా అంటారేమో, ఫోటోలో బస్తాల లెక్క తేలదు కదా.

ఒక్క విషయంలో బతిమాలుతున్నాను. రోజుకి 6,000 అని తెలిశాక సెంట్రింగ్ తొందరగా విప్పించాలనిపిస్తుంది, ఆ పని చేయకండి. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుతో (బస్తా మీద ఓపీసీ అని ఉండేది) వేసిన స్లాబు కింద జాకీలు 4.5 మీటర్ల స్పాన్ (రెండు ఆధారాల మధ్య దూరం) వరకు కనీసం 7 రోజులు, అది దాటితే 14 రోజులు ఉండాలి. బీముల కింద 6 మీటర్ల వరకు 14, ఆపైన 21. వేరే రకం సిమెంటు వాడుతుంటే ఇంకెన్నాళ్లు ఉంచాలో మీ ఇంజనీరును అడిగాకే విప్పించండి.